వాచీలో చిన్న భాగం పోతే: బాగుచేయించాలా, భాగం మార్చాలా, మిషనే మార్చేయాలా?

కీ ఇచ్చే వాచీ ఆగిపోయి దుకాణానికి తీసుకెళ్తే తరచూ వినిపించే మాట, "స్టాఫ్ విరిగింది సార్, బాగుచేసినా నిలవదు, మిషన్ మార్చేద్దాం." స్టాఫ్ అంటే లోపల అటూ ఇటూ ఊగే చక్రం ఇరుసు, మిషన్ అంటే లోపలి యంత్రం మొత్తం. ఈ మాట కొన్నిసార్లు నూటికి నూరుపాళ్ళు నిజం. కొన్నిసార్లు మాత్రం ఆ పని చేసే లేత్ ఆ దుకాణంలో లేదని దాని అర్థం. రెండింటిలో ఏదో తేల్చుకోవాలంటే లోపలి సంగతి మనకీ కాస్త తెలిసి ఉండాలి.

మన ముందుండే దారులు నాలుగు. పాడైన భాగాన్నే సరిచేయించుకోవచ్చు. ఆ ఒక్క భాగం కొత్తది తెప్పించి వేయించుకోవచ్చు. అదే మిషన్ ఉన్న ఇంకో పాత వాచీ కొని అందులోంచి భాగం తీయించుకోవచ్చు. లేదా మొత్తం మిషన్ మార్చేయవచ్చు. చాలామంది వాచీ ఖరీదు చూసి నిర్ణయించేస్తారు: ఖరీదైనదైతే బాగుచేయించాలి, చవకదైతే మిషన్ మార్చాలి అని. నేనైతే ఖరీదు సంగతి తర్వాత చూస్తాను. ముందు తెలియాల్సింది ఏ భాగం పోయింది, అది విడిగా దొరుకుతుందా అన్నది. ఒకే వాచీలో మెయిన్ స్ప్రింగ్‌కి (కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపేది) సరిపోయిన జవాబు హెయిర్ స్ప్రింగ్‌కి (ఊగే చక్రాన్ని వెనక్కి లాగే సన్నని స్ప్రింగ్) పనికిరాకపోవచ్చు.

అసలు విరిగిందా?

కీ పూర్తిగా బిగిసిపోయి వాచీ నడవకపోతే "ఎక్కువ కీ ఇచ్చేశారు, అందుకే పోయింది" అనడం మన దగ్గర అలవాటు. ఎక్కువ కీ ఇవ్వడం వల్ల వాచీ ఆగిపోదు. మెయిన్ స్ప్రింగ్ నిండా చుట్టుకుని ఉన్నా బ్యాలెన్స్, అంటే ఆ ఊగే చక్రం, కదలడం లేదంటే చాలాసార్లు లోపల నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది, లేదా మురికి చేరి ఉంటుంది. అది విప్పి, కడిగి, మళ్ళీ నూనె వేస్తే పోయే జబ్బు. భాగం మార్చే చర్చ దాని తర్వాతే.

రెండో అనుమానం అయస్కాంతం మీద ఉండాలి. నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి రోజుకి పావుగంటో ఇరవై నిమిషాలో ముందుకు పరిగెడుతోందంటే హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయన్నమాట. అంటుకున్నప్పుడు ఊగే స్ప్రింగ్ పొడవు తగ్గిపోతుంది, పొట్టి స్ప్రింగ్ వేగంగా ఊగుతుంది. స్పీకరు పక్కన పెట్టినా, అయస్కాంతంతో మూసుకునే ఫోన్ కవరుకో హ్యాండ్‌బ్యాగుకో ఆనించినా ఇలా అవుతుంది. మామూలు దిక్సూచి మీద వాచీ పెట్టి చూడండి. దాని ముల్లు వణికినట్టు ఊగితే దొంగ దొరికినట్టే. అయస్కాంత గుణం పోగొట్టే డీమాగ్నెటైజర్ ఉన్న దుకాణంలో ఇది ఒక్క నిమిషం పని. దీనికి కొత్త హెయిర్ స్ప్రింగ్ వేయాలంటే లేచి వచ్చేయండి.

బ్యాలెన్స్ స్టాఫ్: మూడు దారులు, మూడు రకాల రిస్కు

బ్యాలెన్స్ చక్రం మధ్యలో ఉండే ఇరుసే స్టాఫ్. రెండు చివర్లా ఉండే మొనలు సుమారు 0.1 మిల్లీమీటరు మందం, అంటే తలవెంట్రుక కన్నా కాస్త లావు. గంటకి 18,000 బీట్ల వాచీలో సెకనుకి 5 సార్లు, రోజుకి 4,32,000 సార్లు ఆ చక్రం అటూ ఇటూ ఊగేది ఈ మొనల మీదే. వాచీ చేయిజారి గచ్చు మీద పడితే ముందు విరిగేవీ ఇవే.

1930ల దాకా ఈ దెబ్బకి విరుగుడు పెద్దగా లేదు. 1934 ప్రాంతంలో ఇన్‌కాబ్లాక్, 1956లో సిటిజన్ వారి పారాషాక్ లాంటివి వచ్చాక మొనని మోసే రాయిని చిన్న స్ప్రింగ్ మీద కూర్చోబెట్టారు. దెబ్బ తగిలితే రాయి కదిలి మొనని కాపాడుతుంది. అందుకే షాక్ రక్షణ ఉన్న వాచీలో స్టాఫ్ విరిగిందంటే నేను వెంటనే నమ్మను. భూతద్దం కింద చూపించమంటాను. ఒక్కోసారి ఆ చిన్న స్ప్రింగ్ మాత్రమే ఎగిరిపోయి ఉంటుంది, స్టాఫ్ నిక్షేపంగా ఉంటుంది.

మొన విరగకుండా అరిగి గరుకెక్కితే బాగుచేయడమే మంచిది. జాకట్ టూల్ అనే పరికరంలో పెట్టి మెరుగుపెడతారు, పోయేది మైక్రాన్లలో లోహం. వంగితే మాత్రం జాగ్రత్త. ఇది గట్టిపరిచిన ఉక్కు. సరిచేస్తుండగా పుటుక్కుమనే అవకాశం ఎక్కువని ముందే చెప్పే మెకానిక్ నిజాయితీపరుడు.

విరిగితే ఒక దారి, ఇరుసుకి సన్నని రంధ్రం వేసి కొత్త మొన దిగ్గొట్టించడం. గేర్ చక్రాల ఇరుసులకి ఇది తరచూ చేసే పనే. బ్యాలెన్స్ స్టాఫ్‌కి మాత్రం, ఇంకే దారీ లేనప్పుడే చేయించమంటాను. రంధ్రం వెంట్రుకంత పక్కకి జరిగినా చక్రం సమతూకం పోతుంది.

రెండో దారి కొత్త స్టాఫ్. వినడానికి తేలిక. పని మాత్రం ఇలా సాగుతుంది: హెయిర్ స్ప్రింగ్ విప్పాలి, కింది రోలర్ (ఇరుసుకి బిగించిన చిన్న బిళ్ళ) లాగాలి, పాత స్టాఫ్‌ని చక్రానికి బిగించిన రివెట్‌ని లేత్ మీద కోయాలి, కొత్తది కూర్చోబెట్టి మళ్ళీ రివెట్ వేయాలి, చక్రం వంకర లేకుండా చూడాలి, సమతూకం సరిచేయాలి, చివరికి హెయిర్ స్ప్రింగ్‌ని టిక్ టాక్ సమానంగా వచ్చేట్టు బిగించాలి. లేత్ లేని చోట పాత స్టాఫ్‌ని సుత్తితో పొడిచి బయటికి తోసేస్తారు. రివెట్ కోయకుండా తోస్తే చక్రం మధ్య రంధ్రం సాగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు కొత్త స్టాఫ్ కూడా వదులుగానే కూర్చుంటుంది. "స్టాఫ్ ఎలా తీస్తారు?" అన్న ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుతోనే ఆ దుకాణంలో ఈ పని చేయించాలో వద్దో తెలిసిపోతుంది.

మూడో దారి బ్యాలెన్స్ కంప్లీట్. చక్రం, స్టాఫ్, రోలర్, హెయిర్ స్ప్రింగ్ అన్నీ ఫ్యాక్టరీలో కలిపి సరిచూసిన సెట్టు ఇది. పాతది తీసి దీన్ని పెట్టి టైం సరిచేస్తే అయిపోతుంది. ఈ కాలపు మిషన్లకి చాలా కంపెనీలు స్టాఫ్ విడిగా కాకుండా ఈ సెట్టే ఇస్తాయి. దొరికితే నా ఓటు దీనికే. సెట్టు ధర ఎక్కువే, కానీ కూలి తగ్గుతుంది, పాడయ్యే అవకాశమూ తగ్గుతుంది. చూడాల్సిందల్లా మిషన్ నంబరు, బీట్లు సరిపోయాయా అని. ఒకే కుటుంబం మిషన్లలో 18,000వీ 21,600వీ ఉండొచ్చు. 18,000కి లెక్కగట్టిన చక్రాల మీద 21,600 బ్యాలెన్స్ కూర్చుంటే వాచీ రోజుకి 4 గంటల 48 నిమిషాలు ముందుకెళ్తుంది.

హెయిర్ స్ప్రింగ్: చేతిని బట్టి ఫలితం

స్టాఫ్ పనికి పరికరాలు కావాలి. హెయిర్ స్ప్రింగ్ పనికి పరికరాల కన్నా చేయి ముఖ్యం. రెండు ట్వీజర్లు, మంచి వెలుతురు, ఓపిక ఉన్న మనిషి చిక్కుపడ్డ హెయిర్ స్ప్రింగ్‌ని మళ్ళీ చదునుగా, చుట్ల మధ్య సమాన ఎడంతో నిలబెట్టగలడు. అలాంటి మనిషి కాకపోతే ఒక వంపు సరిచేయబోయి రెండు కొత్త వంపులు తెస్తాడు.

వంపు ఎక్కడుందో చూసి నిర్ణయించుకోండి. బయటి చుట్టులో, స్ప్రింగ్ చివర బిగించే స్టడ్ దగ్గర ఉంటే బాగుచేయించండి, సాధారణంగా సరవుతుంది. మధ్యలో, స్ప్రింగ్ లోపలి కొనని ఇరుసుకి పట్టి ఉంచే కాలెట్ దగ్గరి మొదటి చుట్టులో ఉంటే కష్టం, పైగా అక్కడి చిన్న లోపం మొత్తం ఊపునే చెడగొడుతుంది. స్ప్రింగ్ సాగిపోయి గరాటు ఆకారంలోకి వచ్చినా, మడత పడినా, తుప్పు చుక్క కనిపించినా సరిచేయించే ఆలోచన వదిలేయండి. తుప్పు పట్టిన చోట తుడిచినా అక్కడ మందం తగ్గే ఉంటుంది.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. హెయిర్ స్ప్రింగ్ ఒక్కటే వేరే వాచీలోంచి తీసి మీ చక్రానికి బిగిస్తామంటే ఒప్పుకోకండి. చక్రం బరువుకి తగ్గ బలంతో స్ప్రింగ్‌ని ఫ్యాక్టరీలో జత కలుపుతారు. పైకి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు కూడా ఒకే టైం చూపించవు. మార్చాల్సి వస్తే చక్రంతో సహా మార్చాలి. విరిగిన చోట ఒక చుట్టు కోసేసి బిగించే అలవాటు కూడా కొందరికి ఉంది. స్ప్రింగ్ పొట్టిదవుతుంది, వాచీ ముందుకి పరిగెడుతుంది, వేగం సరిచేసే రెగ్యులేటర్ మీట చివరిదాకా తిప్పినా అది లొంగదు.

మిగతా భాగాలు

మెయిన్ స్ప్రింగ్ విషయంలో ఆలోచించాల్సిన పనే లేదు, మార్చండి. పాత నీలం రంగు ఉక్కు స్ప్రింగులు విరుగుతాయి, విరగకపోయినా పట్టు సడలిపోతాయి. ఇప్పటి మిశ్రమ లోహపు తెల్ల స్ప్రింగులు విరగడం అరుదు. వెడల్పు, మందం, పొడవు కొలతలు సరిపోతే ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. విరిగిన కొనని కాల్చి, వంచి కొత్త కొక్కెం చేసి మళ్ళీ వేసే పాత పద్ధతిలో స్ప్రింగ్ పొట్టిదవుతుంది, రాత్రి కీ ఇస్తే మర్నాడు సాయంత్రానికి వాచీ ఆగుతుంది. ఒకటి మాత్రం అడగండి: స్ప్రింగ్ తెగినప్పుడు ఒక్కసారిగా వెనక్కి కొట్టిన దెబ్బకి బ్యారెల్ (ఆ స్ప్రింగ్ ఉండే డబ్బా) పళ్ళు, దాని పక్క చక్రం పళ్ళు చూశారా అని.

కీ తిప్పే రాడ్, అంటే స్టెమ్, తుప్పు పడితే మార్చడమే. నీళ్ళూ చెమటా ముందుగా దిగేది అక్కడినుంచే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళలో ఇది మరీ మామూలు. విరిగిన స్టెమ్‌కి అతుకు వేస్తే కీ ఇచ్చే బలానికి ఆగదు. రాయి పగిలితే కూడా మార్చడమే, ఎందుకంటే పగిలిన అంచు మొనని ఆకురాయిలా అరగదీస్తుంది. నొక్కి బిగించే రకం రాళ్ళయితే వేయడం తేలిక. లోహపు అంచు మడిచి బిగించిన మరీ పాత రకాలకి అనుభవం ఉన్న చేయి కావాలి.

చక్రానికి ఒక పన్ను విరిగితే, కొత్త చక్రం దొరికినంతకాలం చక్రమే మార్చాలి. గాడి కోసి కొత్త పన్ను అతికే పని అందంగానే ఉంటుంది, కానీ దానికయ్యే కూలితో ఆ వాచీ లాంటిదే ఇంకోటి కొనుక్కోవచ్చు. చక్రం ఎక్కడా దొరకని జేబు గడియారాలకి ఆ పని ఉంచుకోండి.

బాగుచేయడమే ఎప్పుడూ సరైనది అయ్యేవి రెండున్నాయి. మొదటిది ప్యాలెట్ రాళ్ళు (చక్రం పళ్ళని ఒక్కొక్కటిగా ఆపి వదిలేవి), రోలర్‌లో ఉండి ఊపు అందుకునే ఇంపల్స్ రాయి వదులవడం. వీటిని పట్టి ఉంచేది షెల్లాక్, అంటే మన లక్కే. వేడి చేసి మళ్ళీ కాస్త లక్క పెడితే అవి గట్టిగా కూర్చుంటాయి. భాగం పారేయాల్సిన పని లేదు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి ఈ భాగాలని స్పిరిట్‌లో నానబెట్టే దుకాణానికి మాత్రం వెళ్ళొద్దు. పెట్రోలు లాంటి ద్రావకాలతో ఆ ఇబ్బంది లేదు, అది లక్కని ముట్టుకోదు.

రెండోది ఇత్తడి ప్లేటులో విరిగి ఇరుక్కున్న స్క్రూ. ప్లేటు మార్చాలంటే దాదాపు మిషన్ మార్చినట్టే. పటిక నీళ్ళలో వేడిగా ఉంచితే ఉక్కు స్క్రూ మెల్లగా కరిగిపోతుంది, ఇత్తడికి ఏమీ కాదు. ముందుగా ప్లేటు మీది మిగతా ఉక్కు భాగాలన్నీ ఊడదీయాలి, లేకపోతే అవీ కరుగుతాయి. డ్రిల్లు తీసుకుని మరలు పాడుచేయబోయే మనిషికి ఈ మాట గుర్తుచేయండి.

మీ వాచీ ఏ గూటిది?

మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి హెచ్ఎంటీలు. 1961లో బెంగళూరులో సిటిజన్ సహకారంతో మొదలైన ఈ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. కొత్త భాగాలు తయారు కావు, అయినా ఇబ్బంది లేదు. జనతా, పైలట్ లాంటి చాలా మోడళ్ళలో ఉన్నది ఒకే 17 రాళ్ళ మిషన్, 0231. దాన్ని లక్షల్లో చేశారు. నాన్నగారి జనతాలో బ్యాలెన్స్ పోతే దానికి కొత్త స్టాఫ్ వేయించే కూలి కన్నా నడుస్తున్న ఇంకో పాత మిషన్ కొనడమే లాభం. దానిలోంచి బ్యాలెన్స్ సెట్టు తీయించి మన మిషన్‌లో పెట్టించండి, మిగతాది భవిష్యత్తుకి దాచండి. కొనేటప్పుడు బ్యాలెన్స్ ఊగుతున్న వీడియో అడగండి, ఫొటో చాలదు. డయల్‌కి కొత్త రంగు వేసి అమ్మే వాచీ లోపల ఏముందో చెప్పలేం కాబట్టి మురికిగా, ఎవరూ ముట్టనట్టుండేవే నయం. హైదరాబాద్ ఆల్విన్ వాచీలు సీకో సహకారంతో వచ్చినవి. వాటికీ ఇదే దారి, కాకపోతే దాత వాచీ కోసం ఎక్కువ వెతకాలి.

తాతగారి స్విస్ వాచీలైతే డయల్ మీది పేరు కన్నా లోపలి నంబరు ముఖ్యం. చాలా బ్రాండ్లు ఏఎస్, ఎఫ్‌హెచ్‌ఎఫ్, ఈటీఏ లాంటి కంపెనీల దగ్గర మిషన్లు కొని తమ పేరు వేసుకునేవి. బ్యాలెన్స్ చక్రం కింద ప్లేటు మీద చిన్న ముద్ర, నంబరు ఉంటాయి. ఆ నంబరుతో వెతికితే భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. భాగాలకీ వాడుకలో ఉన్న అంకెలున్నాయి: 723 అంటే స్టాఫ్, 721 బ్యాలెన్స్ కంప్లీట్, 401 స్టెమ్, 445 సెట్టింగ్ లివర్ స్ప్రింగ్, 770 మెయిన్ స్ప్రింగ్. విదేశాల్లో ఉండే పిల్లలతో తెప్పించుకునేవాళ్ళు మిషన్ నంబరు, ఈ అంకె, రెండూ పంపితే తప్పు భాగం రాదు. రోమర్ లాంటి కంపెనీలు మాత్రం సొంత మిషన్లు చేసుకునేవి. వాటికి రోమర్ నుంచే తీయాలి. అదీ దొరక్కపోతే అప్పుడు లేత్ మీద కొత్త స్టాఫ్ తయారుచేయగల మనిషిని వెతుక్కోవాలి. అలాంటివాళ్ళు తక్కువ, టైం తీసుకుంటారు, డబ్బూ ఎక్కువే అడుగుతారు. ఆ పనికి అది న్యాయమైన ధరే.

సీకో 5 లాంటి ఆటోమేటిక్‌ల లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 7ఎస్26 మిషన్‌లో బ్యాలెన్స్ పోతే ఒక్కో భాగం వెతకడం కన్నా ఎన్‌హెచ్36 కొత్త మిషన్ వేయించడం చాలామందికి సరిపోతుంది. వారం పేరు, తేదీ రెండూ ఉంటాయి, పైగా 7ఎస్26కి లేని చేతి కీ, సెకను ముల్లు ఆగడం అదనంగా వస్తాయి. మిషన్ మార్చడం తప్పేమీ కాదు, అదే రకం కొత్తగా దొరుకుతున్నప్పుడు. హెచ్ఎంటీ కేసులో క్వార్ట్జ్ మిషన్ దూర్చడం మాత్రం నాకు నచ్చదు. డయల్ వెనక కాళ్ళు కోసి అతికిస్తారు, ఆ తర్వాత అసలు మిషన్ దొరికినా డయల్ మళ్ళీ బిగించలేరు.

ఎవరికి ఇవ్వాలి

మెయిన్ స్ప్రింగ్, స్టెమ్, దాత వాచీ నుంచి బ్యాలెన్స్ మార్పు: ఇవి బస్టాండు పక్కన గాజు డబ్బాలో కూర్చునే మంచి మెకానిక్ చక్కగా చేస్తాడు. కొందరి చేయి పెద్ద షోరూముల్లో కూడా దొరకదు. కంపెనీ సర్వీస్ సెంటర్ అసలు భాగమే వేస్తుంది, కానీ పాత మోడల్ అయితే తీసుకోకపోవచ్చు, తీసుకుంటే డయల్, ముళ్ళు కూడా కొత్తవి వేసి పంపవచ్చు. జ్ఞాపకం కోసం ఉంచుకున్న వాచీ అయితే పాతవి అలాగే ఉంచమని కాగితం మీద రాయించండి. స్టాఫ్ రివెట్, హెయిర్ స్ప్రింగ్ సరిచేయడం, రంధ్రం వేసి మొన పెట్టడం మాత్రం ఆ పనే చేసేవాళ్ళ దగ్గరికే. ఎవరికిచ్చినా తీసేసిన పాత భాగం వెనక్కి ఇమ్మని ముందే చెప్పండి. అలా చెప్పినప్పుడు మంచి భాగం మారిపోయే అవకాశం తగ్గుతుంది.

సొంతంగా నేర్చుకోవాలనుకునేవాళ్ళు మొదటి పని ఇంటి వాచీ మీద చేయొద్దు. యూనిటాస్ 6497కి నకలుగా వచ్చే చైనా సీగల్ ఎస్‌టీ36 కొనుక్కోండి. 36.6 మిల్లీమీటర్ల పెద్ద మిషన్, భాగాలు కంటికి ఆనతాయి. పాడైన హెచ్ఎంటీ మిషన్‌లోని హెయిర్ స్ప్రింగ్‌ని కావాలని వంచి సరిచేయడం సాధన చేయండి. నూనెల్లో పొదుపు వద్దు: మొనలకి మోబియస్ 9010, ప్యాలెట్ రాళ్ళకి 9415, మెయిన్ స్ప్రింగ్‌కి 8200 వాడుకలో ఉన్నవి. కుట్టుమిషన్ నూనె పాకిపోతుంది, నెలల్లో హెయిర్ స్ప్రింగ్ దాకా చేరుతుంది.

పని అయ్యాక టైంగ్రాఫర్ (వాచీ చప్పుడు విని నడక కొలిచే పరికరం) మీద పెట్టి చూపించమనండి. నిండా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు యాంప్లిట్యూడ్, అంటే చక్రం ఊగే కోణం, 270 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే పని బాగున్నట్టు. పాత వాచీకి 230, 240 వచ్చినా సర్దుకోవచ్చు, 200 లోపు ఉంటే లోపల ఇంకా ఏదో అడ్డుంది. ఇంటికొచ్చాక ఒక రోజు డయల్ పైకి, ఇంకో రోజు కీ కిందికి ఉండేలా గోడకి ఆనించి ఉంచి, రెండు రోజుల తేడా రాసుకోండి. రెండు భంగిమల మధ్య రోజుకి నిమిషాల్లో తేడా వస్తోందంటే చక్రం సమతూకం సరిచేయకుండా ఇచ్చారు. గ్యారంటీ మాట ఇంకా గుర్తున్నప్పుడే, ఆ కాగితంతో తిరిగి తీసుకెళ్ళండి.